హైదరాబాద్ తర్వాత ఎవరు?

మన సాఫ్ట్‌వేర్ జనాలకి క్యాంటీన్‌లో రెండు టాపిక్కులు దొరికితే టీ చల్లారినా పట్టదు. ఏ హీరో గొప్ప, ఏ సిటీ గొప్ప. మొదటిదాంట్లో నేను వేలు పెట్టను. రెండోదాని గురించి చాన్నాళ్ళుగా ఒక మాట చెప్పాలని ఉంది.

తెలంగాణలో ఫస్ట్ ర్యాంక్ గురించి గొడవే లేదు. కొట్లాటంతా రెండో ర్యాంకు కోసం. వరంగల్ వాళ్ళు ఆర్ఈసీ, కేఎంసీ, వేయి స్తంభాల గుడి అంటారు. నిజామాబాద్ వాళ్ళు పసుపు అంటారు, ఖమ్మం వాళ్ళు మిర్చి, గ్రానైట్ అంటారు. మా కరీంనగర్ వాళ్ళు ఏమీ అనరు, డ్యామ్ ఫోటో పెడతారు :) అన్నీ నిజాలే, కాదనను. కానీ అసలు రెండో ర్యాంక్ అనేది ఒకటి ఉందా అన్నదే నా డౌటు.

2011 జనాభా లెక్కలు చూడండి (2021లో జరగాల్సిన లెక్క జరగలేదు కాబట్టి ఇవే దిక్కు). గ్రేటర్ హైదరాబాద్ 67 లక్షల పైన. వరంగల్ 6 లక్షల చిల్లర. నిజామాబాద్ 3 లక్షలు దాటింది, కరీంనగర్ 2 లక్షల 60 వేలు. అంటే ఫస్ట్ వచ్చినోడికి వంద మార్కులు వస్తే సెకండ్ వచ్చినోడికి పది కూడా రాలేదు. పక్కన ఆంధ్రలో విశాఖ 17 లక్షలు, విజయవాడ 10 లక్షలు. అక్కడ ర్యాంకుల గురించి కొట్లాడుకుంటే ఒక అర్థం ఉంది. మన దగ్గర మిగతా ఊళ్ళన్నీ కలిపి ఒక క్లాసు, హైదరాబాద్ ఒక్కటే ఒక క్లాసు.

ఇంకో సంగతి. సిరిసిల్లలో ఏ పద్మశాలి ఇంటికైనా వెళ్ళి రెండో పెద్ద నగరం ఏదని అడగండి. వరంగల్ అనరు, భివండి అంటారు. మేనమామ అక్కడ, అక్క మెట్టినిల్లు అక్కడ. జగిత్యాల, కోరుట్ల పల్లెల్లో అడిగితే దుబాయ్, మస్కట్. హైదరాబాద్ పనివ్వనప్పుడు మా వైపు వాళ్ళు రాష్ట్రంలోని ఇంకో ఊరికి పోలేదు, ఏకంగా రాష్ట్రం దాటారు, సముద్రం దాటారు. రెండో నగరం లేకపోతే జరిగేది ఇదే. పండక్కి ఇల్లు మొత్తం ఒక్కచోట కూడిన ఏడాది మా వాడకట్టులో ఎంతమందికి గుర్తుందో నాకు అనుమానమే.

అందుకని నా ర్యాంకింగ్‌కి కొలబద్ద ఒక్కటే పెట్టుకున్నా. మాల్స్, ఫ్లైఓవర్లు, బిర్యానీ కాదు. జేబీఎస్ బస్సు ఎక్కాల్సిన మనిషిని ఆ ఊరు ఎంతవరకు ఆపగలుగుతోంది? చదువుకి, వైద్యానికి, ముఖ్యంగా కొలువుకి.

ఆ లెక్కన వరంగల్‌దే మొదటి స్థానం. కేఎంసీ, ఆర్ఈసీ రెండూ 1959లోనే వచ్చినయి, కాకతీయ యూనివర్సిటీ 1976లో. పక్కనే కాజీపేట జంక్షన్. 2020లో సైయెంట్, టెక్ మహీంద్రా ఆఫీసులు కూడా తెరిచారు. అరవై ఏళ్ళుగా ఇంజనీర్లని తయారు చేస్తున్న ఊరికి సాఫ్ట్‌వేర్ ఆఫీసు రావడానికి 2020 దాకా పట్టిందంటే, అది ఊరి తప్పు కాదు.

రెండో స్థానం వింటే నవ్వుతారేమో, రామగుండం. ఎండలకి భయపడకపోతే :) ఎన్టీపీసీ, సింగరేణి, 2021లో మళ్ళీ మొదలైన ఎరువుల ఫ్యాక్టరీ. హైదరాబాద్ బయట, వేరే రాష్ట్రాల వాళ్ళు కూడా ఉద్యోగానికి వచ్చి క్వార్టర్లలో దిగే ఊర్లు మనకెన్ని ఉన్నయి?

కరీంనగర్ మూడు. మా జిల్లా కదా అని రెండు ఇవ్వబుద్ధయింది గానీ, హైదరాబాద్‌కి రైల్లో పోవాలంటే ఇప్పటికీ పెద్దపల్లి మీదుగానో నిజామాబాద్ మీదుగానో చుట్టు తిరగాలి. సిరిసిల్ల, వేములవాడ మీదుగా కొత్తపల్లికి రావాల్సిన లైను 2023 అక్టోబరులో సిద్దిపేట దాకా వచ్చింది. ఆ తర్వాత ఖమ్మం, నిజామాబాద్. ఖమ్మానికి హైదరాబాద్ కాకపోతే విజయవాడ ఉంది, ఆ సుఖం మాకు లేదు.

మా వేములవాడ ఈ పోటీలోనే లేదు. 2011లో 33 వేల జనం. హైదరాబాద్ పుట్టడానికి ఆరొందల ఏళ్ళ ముందు చాళుక్యుల రాజధాని, పంప కవి ఉన్న కొలువు. అప్పటి ర్యాంకు వేరు మరి.

వైద్యం విషయంలో మార్పు వచ్చిందని ఒప్పుకోవాలి. 2022లో జగిత్యాలకి, 2023లో సిరిసిల్లకి సర్కారు మెడికల్ కాలేజీలు వచ్చినయి. కొలువుల సంగతే తేలలేదు. సిరిసిల్లకి 2017 నుంచి బతుకమ్మ చీరల ఆర్డరు దొరికినప్పుడు భివండి నుంచి కొందరు వెనక్కొచ్చారు. 2024లో ఆర్డర్లు తగ్గేసరికి సాంచాలు ఆగినయి. ఒక్క ఆర్డరు మీద ఊరు నిలబడదు.

మన ఫీల్డ్‌కి ఆ సాకు కూడా లేదు. ఐటీ టవర్లు కరీంనగర్‌లో, ఖమ్మంలో 2020లో, నిజామాబాద్‌లో 2023లో కట్టారు. బిల్డింగు కట్టడం సర్కారు పని, మనుషుల్ని అక్కడ కూర్చోనివ్వడం మన మేనేజర్ల పని. కరోనా టైంలో వేములవాడ ఇంట్లో మేడ మీద గదిలో కూర్చుని ఏడాదిన్నర పని చేశాను, ఒక్క రిలీజ్ కూడా ఆగలేదు. "ఇంకేంది కొడుకా, ఇట్లనే ఉండరాదు" అనేది అమ్మ. తర్వాత ఆఫీసుకి రమ్మని మెయిల్ వచ్చింది. కారణం అడిగితే టీమ్ స్పిరిట్ అన్నారు. ఆ టీములో నా పక్క సీట్లో ఎవరూ లేరు, మిగతావాళ్ళంతా వేరే దేశంలో ఉంటారు.

మన కాలేజీ బ్యాచుల్లో ఇప్పుడు మేనేజర్లు, డైరెక్టర్లు బోలెడంతమంది ఉన్నారు. ఇరవై మంది టీముని కరీంనగర్‌లోనో వరంగల్‌లోనో పెడదామని ఒక మీటింగులో అడగడానికి సీఈఓ కానక్కర్లేదు.

ఖమ్మం, నిజామాబాద్ మిత్రులు నా ర్యాంకుల మీద తిట్టొచ్చు. షరతు ఒక్కటే: మీ బీటెక్ క్లాసులో ఎంతమంది ఇప్పుడు సొంత ఊళ్ళో ఉద్యోగం చేస్తున్నారో లెక్కబెట్టి, ఆ అంకె చెప్పి తిట్టండి :)