గుమ్మటాల నీడన బడి

గచ్చిబౌలి అన్న పేరును ఈ ప్రాంతపు పిల్లలు రోజుకు ఎన్నిసార్లు పలుకుతారో లెక్క లేదు. బస్సుల నుదుట ఆ పేరే, దుకాణాల బోర్డుల మీద ఆ పేరే. గచ్చు అంటే సున్నపు పూత. బౌలి అంటే బావి. సున్నంతో గచ్చు చేసిన బావి ఉన్న చోటు అని ఆ పేరుకు పెద్దలు అర్థం చెబుతారు. 1998 నవంబరులో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటినుంచి ఈ నేల రూపురేఖలు వేగంగా మారిపోయాయి. రాళ్లగుట్టల స్థానంలో అద్దాల మేడలు లేచాయి. గచ్చును చూసిన పిల్లవాడు, మెట్లబావిలోకి దిగిన పిల్లవాడు ఈ ప్రాంతపు బడులలో అరుదు. పదం నోట ఉంది. పదార్థం కంట లేదు. భాషను బోధించేవానిగా నన్ను ఇది చాలాకాలంగా కలతపెడుతున్న విషయం.

ఆ పదార్థమైనా ఎంతో దూరంలో లేదు. గచ్చిబౌలి నుంచి రాయదుర్గం, షేక్‌పేటల మీదుగా వెళితే పది కిలోమీటర్ల లోపునే, గోలకొండ కోటకు ఉత్తరాన, కుతుబ్ షాహీ సమాధుల ఉద్యానం ఉంది. జనం వాడుకలో అవి ఏడు గుంబజ్‌లు. నిజానికి 106 ఎకరాల ఆ ఆవరణలో సమాధులు, మసీదులు, మెట్లబావులు, స్నానవాటిక అన్నీ కలిసి వంద దాకా కట్టడాలు ఉన్నాయి. 1543లో మరణించిన సుల్తాన్ కులీ మొదలు 1672లో మరణించిన అబ్దుల్లా వరకు ఆ వంశపు ప్రభువులు అక్కడ శాశ్వతనిద్రలో ఉన్నారు. చివరివాడైన తానీషాకు మాత్రం ఆ తోటలో చోటు దక్కలేదు. 1687లో కోట మొగలుల వశమైన తరువాత అతడు దౌలతాబాదులో బందీగా ఉండి అక్కడే కన్నుమూశాడు. 2013లో ఆగాఖాన్ సాంస్కృతిక ట్రస్టు రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి ఈ కట్టడాల పునరుద్ధరణకు పూనుకొన్నది. గత శతాబ్దంలో పూసిన సిమెంటును ఒలిచివేసి, పూర్వపద్ధతిలో సున్నపు గచ్చును మళ్లీ పూశారు. దశాబ్దానికి పైగా సాగిన ఆ పని ముగిసి 2024 జులైలో ఉద్యానం ప్రజలకు అంకితమైంది.

ఇంతటి సంపద పక్కన ఉండగా మన బడులు దానిని వాడుకొంటున్న తీరు ఏమిటి? ఏడాదికి ఒకసారి విహారయాత్ర. ఉదయం బస్సు దిగడం, వరుసలో నడవడం, మెట్ల మీద నిలబడి ఫొటో దిగడం, పులిహోర తినడం, బస్సెక్కడం. మరునాడు దాని మీద ఒక ‘ప్రాజెక్టు’ రాయాలి. ఈ మాట సైబరాబాదులో ఇంటింటి మాట. తండ్రికి ఆఫీసులో ఒక ప్రాజెక్టు, కొడుక్కి బడిలో ఒక ప్రాజెక్టు. కొడుకుది రాత్రి పదకొండింటికి తల్లి పూర్తిచేస్తుంది. అంతర్జాలం నుంచి నాలుగు బొమ్మలు అచ్చుతీసి రంగు అట్టకు అంటిస్తే మార్కులు వచ్చేస్తాయి. ఆ అట్ట కోసం పిల్లవాడు తోటకు వెళ్లనక్కరే లేదు.

ఇతరులను తప్పుపట్టే ముందు నా తప్పు కూడా చెప్పాలి. కొన్నేళ్ల క్రితం ఇంటర్మీడియట్ విద్యార్థులను కొందరిని అక్కడికి తీసుకొనివెళ్లాను. ఎండలో నిలబెట్టి నలభై నిమిషాలు ఉపన్యసించాను. రాజుల పేర్లు, పాలించిన సంవత్సరాలు, కావ్యాలు, కృతిభర్తలు, ఒక్కటీ వదలలేదు. పెద్ద బావి దగ్గరకు వచ్చేసరికి ఒక అమ్మాయి, “సార్, ఇంత బావిలోకి నీళ్లు ఎక్కడినుంచి వచ్చేవి?” అని అడిగింది. నాకు తెలియదు. “తరువాత చూద్దాం” అని ముందుకు నడిపించాను. ఆనాటి నా ఉపన్యాసంలో ఒక్క మాటైనా ఆ పిల్లలకు గుర్తుందో లేదో గాని, ఆ ప్రశ్న మాత్రం నాకు గుర్తుండిపోయింది. ఆ రోజు ఆ తోటలో నేర్చుకోవడానికి సిద్ధంగా ఉన్నది ఆమె ఒక్కతే. ఆమెను ఆపినవాణ్ణి నేను.

ఆ ప్రశ్న వెంట నడిచి ఉంటే ఎంత దూరం వెళ్లేవాళ్లం! బడీ బౌలి అని పిలిచే ఆ బావికి 2013 వర్షాలలో ఒక పక్క గోడ కూలిపోయింది. దానిని తిరిగి కట్టి, పూడిక తీసి, వాననీరు వచ్చి చేరేటట్లు చేశారు. ఇప్పుడు ఆ నీరు తోట చెట్లకు ఉపయోగపడుతున్నది. గోలకొండ మెట్లబావుల ఈ పునరుద్ధరణకు 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారం లభించింది. వాన కురిసిన మరునాడు పిల్లలను అక్కడ నిలబెడితే, నేల ఏ వైపు వాలి ఉన్నదో, నీరు ఏ దారిన దిగుతున్నదో వారే కనిపెడతారు. అక్కడినుంచి ఆలోచన దుర్గం చెరువుకు పోతుంది. తీగల వంతెన మీద దీపాలు చూడటానికి సాయంత్రాలు వెళ్లే ఆ చెరువే ఒకప్పుడు గోలకొండకు తాగునీరు ఇచ్చింది. మట్టి గొట్టాల ద్వారా, నీటి చక్రాల ద్వారా కోట పైభాగానికి నీటిని ఎక్కించారు. ఎద్దులతో బావినీరు తోడే సాధనాన్ని తెలంగాణంలో మోట అన్నారు, రాయలసీమలో కపిల అన్నారు. ఈ మాటలను నిఘంటువులో చూపించడం వేరు. లోతైన బావి గట్టున నిలబడి, ఇంత నీరు పైకి ఎలా వచ్చిందని పిల్లవాడు తల గోక్కుంటున్న వేళ అందించడం వేరు.

గణితం ఉపాధ్యాయునికి కూడా అక్కడ కావలసినంత పని ఉంది. ఉదయపు ఎండలో ఒక కర్రను నిలువుగా నిలిపి దాని నీడను కొలవాలి. అదే సమయంలో గుమ్మటపు నీడను కొలవాలి. కర్రకూ దాని నీడకూ ఉన్న నిష్పత్తే గుమ్మటానికీ దాని నీడకూ ఉంటుంది. పాఠంలో ఇది రెండు పంక్తుల లెక్క. తోటలో మాత్రం చాలామందికి మొదట తప్పుతుంది. వారు నీడను గోడ అంచునుంచి కొలుస్తారు. శిఖరం గోడ మీద లేదు, కట్టడం నడిమిలో ఉంది. సూర్యుడు ఒక ముఖానికి ఎదురుగా ఉన్నప్పుడు కొలిస్తే, కట్టడపు వెడల్పులో సగాన్ని కూడా నీడకు కలపాలి. ఈ తప్పును ఎవరూ చెప్పకముందే ఒక పిల్లవాడు కనిపెడితే, ఆ ముఖంలో కనిపించే వెలుగు ఏ ర్యాంకు ప్రకటనలోనూ కనిపించదు. నలుచదరపు గది మీద గుండ్రని గుమ్మటం ఎలా నిలిచిందన్నది మరో ప్రశ్న. తల పైకెత్తి మూలల్లోని కమానులను చూసి బొమ్మ గీసుకొంటే, నాలుగు భుజాలు ఎనిమిదై, ఎనిమిది వలయంగా మారడం పెన్సిలుకే తెలిసిపోతుంది.

ఇక నా పాఠ్యవిషయానికి వస్తాను. ఆ తోటకూ తెలుగుకూ ఏమిటి సంబంధమని నా సహోపాధ్యాయులే అడిగారు. అక్కడ సమాధి ఉన్న ఇబ్రహీం కుతుబ్ షా యౌవనంలో ఏడేళ్లు విజయనగరంలో అళియ రామరాయల ఆశ్రయంలో గడిపి, 1550లో సింహాసనమెక్కాడు. తెలుగు కవులు ఆయనను మల్కిభరాముడని ఆత్మీయంగా పిలుచుకొన్నారు. అద్దంకి గంగాధరకవి తన తపతీ సంవరణోపాఖ్యానాన్ని ఆయనకు అంకితమిచ్చాడు. తొలి అచ్చతెలుగు కావ్యంగా మనం చదువుకొనే యయాతి చరిత్రను పొన్నికంటి తెలగన ఆయన ఉద్యోగి అయిన అమీన్‌ఖానుకు అంకితం చేశాడు. ఆ అమీన్‌ఖాను ఉన్నది పొట్లచెరువులో, అంటే నేటి పటాన్‌చెరులో. ఒక ముస్లిం అధికారి కోరగా సంస్కృత సమాసాల జోలికి పోని తెలుగు కావ్యం ఈ ఐటీ దారికి కూతవేటు దూరంలో పుట్టిందన్న సంగతిని నా విద్యార్థులు పరీక్షలో ఒక మార్కు ప్రశ్నగా రాస్తారు. ఇబ్రహీం సమాధి ముందు నిలబడి వింటే అది ప్రశ్నగా గాక కథగా వినిపిస్తుంది.

అందువల్ల నా అభిప్రాయం ఇది: తోటకు పిల్లలను ఒక్కసారి తీసుకువెళ్లి అంతా చూపించడం కన్నా, పలుమార్లు తీసుకువెళ్లి ప్రతిసారీ ఒక్కటే చూపించాలి. ఒక రోజు బావి, ఒక రోజు నీడ, ఒక రోజు చెట్లు, ఒక రోజు గోడ. చేతిలో ఫోను వద్దు. పెన్సిలు, నోటుపుస్తకం, కొలతాడు చాలు. చూసినదాన్ని అక్కడే కూర్చుని పది వాక్యాలలో రాయాలి. మొదటిసారి ‘చాలా బాగుంది’ అన్న వాక్యమే అందరి పుస్తకాలలోనూ ఉంటుంది. మూడోసారికి రంగు, గరుకు, వాసన రావడం మొదలవుతుంది.

చెట్టుకింది చదువు మనకు కొత్తకాదు. 1901లో రవీంద్రుడు శాంతినికేతనంలో బడిని చెట్ల నీడనే ప్రారంభించాడు. మదనపల్లె సమీపంలోని రిషివ్యాలీ పాఠశాల కొండలను, పక్షులను చదువులో భాగం చేసుకొన్నది. 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళికా చట్రం చదువును బడి వెలుపలి జీవితంతో ముడిపెట్టమన్నది. 2020 జాతీయ విద్యావిధానం ఆరు నుంచి ఎనిమిది తరగతుల మధ్య పది రోజుల పాటు పుస్తకాల సంచి లేని చదువును సూచించింది. కాగితం మీద అనుమతికి కొరత లేదు.

అభ్యంతరాలు తేలికైనవని నేను అనను. ఈ ప్రాంతపు రోడ్ల రద్దీ తెలిసిన తల్లిదండ్రుల భయం న్యాయమైనదే. నలభైమందికి ఒక ఉపాధ్యాయుడు బావి గట్టున కాపలా కాయలేడు. పదిహేనుమందికి ఒకరు ఉండాలి, గట్టు దగ్గర మరొకరు ఉండాలి. అవి సమాధులు, మసీదులు; అక్కడ పరుగులు, కేకలు తగవన్న మర్యాదను ముందుగానే నేర్పాలి. పిల్లలు గోడల మీద గీతలు గీస్తారన్న వాదనను మాత్రం నేను ఒప్పుకోను. మన చారిత్రక కట్టడాల మీద చెక్కి ఉన్న పేర్లను చదవండి. అక్కడి ప్రేమజంటలలో ఆరో తరగతి పిల్లలు కనిపించరు. సిలబస్ పూర్తికాదన్న అభ్యంతరం ఉపాధ్యాయులది కాదు, వారిమీద ఉన్న ఒత్తిడిది. దానికి నెలకొక ఉదయాన్ని కాలపట్టికలోనే చేర్చడం తప్ప వేరే మందు లేదు.

నన్ను ఎక్కువగా బాధించేది వేరొకటి. పెద్ద ఫీజుల బడులకు చల్లని బస్సులు ఉన్నాయి. ఆ బడుల పక్కనే మేడలు కట్టే కూలీల పిల్లలు చదివే ప్రభుత్వ పాఠశాలకు బస్సు లేదు. రెండేళ్ల క్రితం అటువంటి ఒక బడి పిల్లలతో వెళ్లే అవకాశం నాకు కలిగింది. గోడకు పూసినదేమిటని అడిగితే, పాలమూరు నుంచి వచ్చిన ఒక తాపీమేస్త్రి కొడుకు దాన్ని వేలితో తాకి చూసి, “ఇది సిమెంటు కాదు సార్, గచ్చు. మా తాత గానుగ సున్నం పట్టేవాడంట, బెల్లం నీళ్లు కలిపేవాళ్లంట” అన్నాడు. మిగిలిన పిల్లలు వాడి చుట్టూ చేరారు. ఆ ఉదయం అక్కడ పాఠం చెప్పింది వాడే. మేము వెళ్లింది ఒక మిత్రుడు తన ఖర్చుతో కుదిర్చిన వ్యానులో. ఆ తరువాత అటువంటి ఏర్పాటు మళ్లీ జరగలేదు.

ఉద్యోగులను దించి పగలంతా ఖాళీగా నిలిచి ఉండే బస్సులు ఈ ఐటీ దారిలో ఎన్నో ఉన్నాయి. వాటిలో ఒకదాన్ని నెలకు ఒక పూట పక్క ప్రభుత్వ పాఠశాలకు ఇవ్వమని సంస్థలను అడగవచ్చు. విద్యాశాఖ ఆ పూటను పనిదినంగా గుర్తించవచ్చు. ఆ పిల్లల దగ్గర ప్రవేశరుసుము తీసుకోవద్దని అధికారులను కోరవచ్చు. డీజిలు ఖర్చు ఎవరి పద్దులో రాయాలన్న చర్చ ముగిసేలోగా ఆ మేస్త్రి కొడుకు పదో తరగతి దాటిపోతాడు.