తుపాకికి లెక్క ఉంది, తయారీదారుకు లేదు

2024 మార్చిలో లోక్‌సభ ఎన్నికల షెడ్యూలు వెలువడిన మరుసటి వారం, ఉత్తర తెలంగాణలోని ఒక పట్టణంలో ఉంటున్న విశ్రాంత న్యాయవాదికి పోలీసు స్టేషన్ నుంచి ఫోను వచ్చింది. ఎన్నికల నియమావళి అమలులో ఉన్నందున లైసెన్సు రివాల్వరును రెండు రోజుల్లో జమ చేయాలని ఎస్సై చెప్పాడు. "అది నా దగ్గర లేదయ్యా. బాగుచేయడానికి పోయి మూడు నెలలైంది" అన్నారాయన. "ఎక్కడికి పోయింది సార్? కాగితం ఏమైనా ఉందా?" అని అవతలి నుంచి వెంటనే ప్రశ్న. ఆ సాయంత్రమే ఆయన ఆయుధాల దుకాణం ఇచ్చిన రసీదు పట్టుకుని స్టేషన్‌కు వెళ్లవలసి వచ్చింది.

ఆయన నాకు ఇరవై ఏళ్లుగా పరిచయం. క్రిమినల్ కేసులు వాదించే రోజుల్లో బెదిరింపులు రావడంతో లైసెన్సు తీసుకున్నారు. పాత ఆయుధం అరిగిపోయాక, 2023 మేలో కొత్త రివాల్వరు కొన్నారు. ఏడు నెలలు తిరిగేసరికి, తూటాలు తీసి శుభ్రం చేస్తున్న సమయంలో ఒక లోపం కంటబడింది. ట్రిగ్గరు లాగితే తూటాల చక్రం సగం తిరిగి ఆగిపోతోంది. దుకాణదారు దాన్ని విప్పడానికి ఒప్పుకోలేదు; తాను చేయి పెడితే వారంటీ పోతుందని, ఫ్యాక్టరీకే పంపాలని అన్నాడు. పంపారు. ఫోనుకు జవాబు లేదు, ఉత్తరాలకు జవాబు లేదు. జూలైలో ఆయుధం తిరిగి వచ్చింది. వెంట ఒకే ఒక వాక్యం: పరీక్షించాం, సంతృప్తికరంగా పనిచేస్తోంది. సెప్టెంబరులో చక్రం మళ్లీ ఆగింది. ఈసారి అడిగితే వచ్చిన సమాధానం, వారంటీ గడువు తీరిందని. బిల్లు తేదీ నుంచి లెక్కించిన ఏడాది మే నెలతో ముగిసింది. అప్పటికి ఆయుధం ఉన్నది ఆయన బీరువాలో కాదు, ఆ ఫ్యాక్టరీలోనే.

ఆ సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు. ఇది ఒక కంపెనీ మీద ఫిర్యాదు కాదు, ఒక ఏర్పాటు మీద ప్రశ్న. ఫ్రిజ్జు, ఫోను వంటి వస్తువుల విషయంలోనూ ఇలాంటి అనుభవం లేనివారు అరుదు కనుక, దీనికింత ప్రాధాన్యం ఎందుకని పాఠకులు అడగవచ్చు. కారణం ఉంది. ఫోను పాడైతే వీధి చివరి దుకాణంలో బాగుచేయించుకోవచ్చు, లేదా మరో దేశపు కంపెనీ ఫోను కొనుక్కోవచ్చు. తుపాకి కొన్నవాడికి ఈ రెండు దారులనూ మూసింది చట్టమే.

1959 నాటి ఆయుధాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం, లైసెన్సు లేనివాడు తుపాకిని తయారు చేయడమే కాదు, వ్యాపారంగా మరమ్మతు చేయడమూ నేరమే. ఇది సమంజసమైన నియమం. దొంగతుపాకులు పుట్టేది అలాంటి కొలుముల్లోనే. మరోవైపు 1980ల మధ్య నుంచి సాధారణ పౌరుడు విదేశీ చేతి తుపాకిని దిగుమతి చేసుకునే వీలు దాదాపు లేకుండా పోయింది. ఆ తర్వాత కొన్ని దశాబ్దాల పాటు, కొత్త రివాల్వరు కావాలంటే ఆచరణలో ప్రభుత్వ ఆయుధ కర్మాగారాలే దిక్కు. ఇటీవల ప్రైవేటు తయారీదారులకూ తలుపులు తెరిచారు. 2021 అక్టోబరు 1న ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ బోర్డును రద్దు చేసి, దాని 41 కర్మాగారాలను ఏడు ప్రభుత్వ రంగ సంస్థలుగా విడగొట్టారు. అమ్మకందారులు పెరిగారు. కానీ అమ్మిన తర్వాత వారి బాధ్యత ఏమిటో ఎవరూ నిర్దేశించలేదు.

ప్రచారంలో మాత్రం లోటు లేదు. 2012 డిసెంబరు నాటి ఢిల్లీ ఘటన తర్వాత, 2014 ఆరంభంలో కాన్పూరు ప్రభుత్వ కర్మాగారం స్త్రీల కోసమంటూ 'నిర్భీక్' అనే .32 రివాల్వరును విడుదల చేసింది. ధర లక్షా 20 వేల రూపాయల పైచిలుకు. ఆ పేరు పెట్టడంపై మహిళా సంఘాలు అప్పట్లోనే అభ్యంతరం చెప్పాయి. 2023 ఆగస్టులో 'ప్రబల్' వచ్చింది. 50 మీటర్ల దూరం కాల్చగలదన్నారు. ధైర్యాన్నీ దూరాన్నీ చెప్పి అమ్మే ప్రకటనల్లో, ఆయుధం మొరాయిస్తే ఎన్ని రోజుల్లో బాగుచేసి ఇస్తారన్న హామీకి చోటు ఉండదు.

ఇక్కడ ఒక న్యాయమైన అభ్యంతరం ఉంది. ఈ దేశంలో తుపాకులు తగ్గాలి కానీ పెరగకూడదు. అలాంటప్పుడు తుపాకి కొన్నవాడి వినియోగదారు హక్కుల గురించి బాధపడడం ఎందుకు? తుపాకులు తగ్గాలన్న మాటతో నాకు పేచీ లేదు. 2019 సవరణలో ఒక్కొక్కరికి మూడు ఆయుధాలన్న పరిమితిని రెండుకు కుదించడాన్ని నేను సమర్థించాను. అయితే లోపమున్న తుపాకి యజమానికి మాత్రమే ప్రమాదమని అనుకోవడం పొరపాటు. పేలవలసినప్పుడు పేలకపోవడం ఒక లోపం. కింద పడితే తనంతట తాను పేలడం ఇంకో లోపం. ఆ రెండో తూటా యజమానినే వెతుక్కుంటూ పోదు. పక్క గదిలోని పిల్లవాడికైనా తగలవచ్చు.

ఈ లోపాన్ని రాజకీయంగా వదిలేస్తే ఏమవుతుందో అమెరికా చూపింది. అక్కడ 1972లో వినియోగ వస్తువుల భద్రతకు ఒక కమిషన్‌ను ఏర్పాటు చేసినప్పుడు తుపాకులను దాని పరిధి నుంచి తప్పించారు. బొమ్మ తుపాకిని వెనక్కి రప్పించే అధికారం ఆ కమిషన్‌కు ఉంది, అసలు తుపాకి మీద లేదు. 2013లో అయోవా రాష్ట్రంలో ఒక డిప్యూటీ షెరీఫ్ నిందితుడిని తరుముతుండగా ఆయన పిస్తోలు కిందపడి పేలింది. దానిపై ఆయన కోర్టుకెక్కితే, చివరికి బ్రెజిల్‌కు చెందిన టారస్ కంపెనీ దాదాపు పది లక్షల పిస్తోళ్ల విషయంలో రాజీకి రావలసి వచ్చింది. 2017లో సిగ్ సావర్ పి320 పిస్తోలు కిందపడితే పేలుతోందన్న పరీక్షలు బయటికి వచ్చాక, ఆ కంపెనీ 'స్వచ్ఛంద మెరుగుదల' పేరుతో ఉచితంగా భాగాలు మార్చింది. రెండు సందర్భాల్లోనూ కదిలించింది కోర్టో, బహిరంగ విమర్శో. ఆదేశించే అధికారం ప్రభుత్వానికి లేదు.

మన పరిస్థితి వేరు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం నిర్వచించిన 'వస్తువు' అంటే చరాస్తి ఏదైనా సరే. తుపాకికి అందులో మినహాయింపు లేదు. తయారీ లోపానికి తయారీదారునే బాధ్యుణ్ని చేసే ప్రత్యేక అధ్యాయం అదే చట్టంలో ఉంది. ప్రమాదకరమైన వస్తువులను వెనక్కి రప్పించే అధికారాన్ని 20వ సెక్షన్ కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకు ఇచ్చింది. కార్ల విషయంలో మోటారు వాహనాల చట్టానికి 110ఎ సెక్షన్ చేర్చి, లోపమున్న వాహనాలను వెనక్కి రప్పించే అధికారం కేంద్రం తీసుకుంది. ఆయుధాల చట్టంలో అలాంటి సెక్షన్ లేదు.

విచిత్రమేమిటంటే, వెనక్కి రప్పించడం అన్నింటికన్నా తేలికైన వస్తువు తుపాకే. గుర్తింపు సంఖ్య లేని తుపాకిని అమ్మడాన్ని ఆయుధాల చట్టం 8వ సెక్షన్ నిషేధించింది. లైసెన్సుదారుల జాతీయ డేటాబేసులో ప్రతి ఒక్కరికీ ఒక విశిష్ట సంఖ్య ఉంది. పాత కారు ఎన్ని చేతులు మారిందో వెతకాలి. ఏ రివాల్వరు ఎవరి బీరువాలో ఉందో ప్రభుత్వానికి ముందే తెలుసు. ఎన్నికలొస్తే ఆ జాబితా ఆధారంగానే ఎస్సై ఫోన్ చేస్తాడు. జమ చేయమని చెప్పడానికి పనికొచ్చే జాబితా, "మీ ఆయుధంలో లోపం ఉంది, పంపండి" అని చెప్పడానికి ఎందుకు పనికిరాదు?

ఈ ప్రశ్న లైసెన్సుదారులతో ఆగదు. కార్గిల్‌లో ఇన్సాస్ రైఫిల్ ప్లాస్టిక్ మ్యాగజైన్లు చలికి పగిలాయన్న ఫిర్యాదులు 1999 నాటివి. డబ్బు పెట్టి కొన్న న్యాయవాది కనీసం వినియోగదారుల కమిషన్‌కు వెళ్లగలడు. ఇచ్చిన ఆయుధం పట్టుకుని విధులకు వెళ్లే కానిస్టేబుల్‌కు వారంటీ కార్డు ఉండదు, ఫిర్యాదు చేస్తే పై అధికారి ముఖం చూడాలి.

హోం శాఖ చేయవలసింది పెద్ద పనేమీ కాదు. తయారీ లైసెన్సు షరతుల్లోనే మరమ్మతుకు గడువు పెట్టాలి. ఆయుధం ఫ్యాక్టరీలో ఉన్న రోజులను వారంటీ లెక్కలోంచి మినహాయించాలి. వచ్చిన ప్రతి లోపాన్నీ మోడలు వారీగా నమోదు చేసి ఏటా ప్రచురించాలి. ఒకే లోపం పదేపదే కనబడితే ఆ మోడలును వెనక్కి రప్పించాలి. పౌరుడి దగ్గర ప్రతి తూటాకూ లెక్క అడిగే రాజ్యం, ఆ తూటాను పేల్చే యంత్రాన్ని చేసినవాడి దగ్గర ఈపాటి లెక్క అడగలేదా?

మా న్యాయవాది ఆ రివాల్వరును డబ్బు కట్టి మళ్లీ పంపలేదు. అది బీరువాలోనే ఉంది. రేపు ఏ ఎన్నికలు వచ్చినా, పనిచేయని ఆ ఆయుధాన్ని ఆయన స్టేషన్‌కు తీసుకెళ్లి జమ చేయాలి, రసీదు తీసుకోవాలి.