స్కాలర్‌షిప్ దయ కాదు, బాకీ

మాకు తెలిసిన ఒక విద్యార్థి చంకకర్రల మీద నడుస్తూ మూడేండ్ల ఎల్ఎల్‌బీ చివరి ఏడాదికి వచ్చాడు. తండ్రి కూలీ. ఫీజు, చేతిఖర్చు అన్నీ స్కాలర్‌షిప్ మీదే. ప్రభుత్వ, ఎయిడెడ్ కాలేజీల్లో వికలాంగులకు 5 శాతం సీట్లు ఇవ్వాలని 2016 నాటి హక్కుల చట్టం చెబుతుందని అతనికి సెక్షన్ నంబరుతో సహా తెలుసు. ఈ ఏడాది పైసలు ఎప్పుడొస్తాయన్నదే తెలియదు.

సర్కారు ఇప్పుడు వీళ్ళను దివ్యాంగులు అంటోంది. పేరు మార్చినంత సులువుగా బిల్లు మాత్రం కదలదు.

లా చదువులో చివరి ఏడాది గోస వేరు. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నిబంధనల ప్రకారం మూడు మూట్ కోర్టులు చేయాలి. ఒక సివిల్ కేసు, ఒక క్రిమినల్ కేసు విచారణను కోర్టులో కూర్చుని చూసి రికార్డు రాయాలి. మూట్ కోర్టులకు 30 మార్కులు, విచారణ చూసినందుకు 30. కాళ్ళున్నవాడికి ఇది బస్సు చార్జీతో తీరే పని. ఇతనికి ఆటో కావాలి. కోర్టు హాలు పై అంతస్తులో ఉండి లిఫ్టు లేకపోతే పట్టుకునే మనిషి కావాలి. ఆ మనిషి ఒక రోజు కూలి వదులుకుని రావాలి. మెయింటెనెన్స్ డబ్బు ఇందుకు సరిపోతుందా అన్నది తర్వాతి మాట. అది పరీక్షలు అయిపోయాక వస్తే ఎవరికి పనికొస్తుంది?

ఫీజు బకాయిల కోసం 2025లో ప్రైవేటు కాలేజీలే బంద్ పెట్టాయి. యాజమాన్యాలకు ఆ బలముంది. పిల్లల దగ్గర ఏముంది? ఫీజు రాలేదని సర్టిఫికెట్ బీరువాలో పెట్టి తాళం వేస్తే అడిగే దిక్కు లేదు. న్యాయవాదిగా పేరు నమోదుకు 750 రూపాయలు, ఎస్సీ, ఎస్టీలకు 125 రూపాయలు మించి వసూలు చేయొద్దని 2024 జులైలో సుప్రీంకోర్టు చెప్పింది. మంచిదే. బీరువాలోని కాగితం లేనిదే ఆ 750 కట్టేదెట్లా?

చూపు లేనివారు జడ్జీలు కారాదన్న మధ్యప్రదేశ్ నిబంధనను 2025 మార్చి 3న అదే కోర్టు కొట్టేసింది. జడ్జి కావాలన్నా ముందు డిగ్రీ చేతికి రావాలి కదా!

మేము అడుగుతున్నది కొత్త పథకం కాదు. చివరి ఏడాది వికలాంగ విద్యార్థుల బిల్లులు ముందు వరసలో పెట్టండి, పరీక్షలకు ముందే ఇవ్వండి. బాకీ పడ్డది సర్కారు, శిక్ష విద్యార్థికి వేయకండి. కింది అంతస్తులో జరిగే విచారణ చూడనివ్వమని ప్రిన్సిపాల్ కోర్టుకు ఒక ఉత్తరం రాయొచ్చు. దానికయ్యే ఖర్చు ఒక తెల్లకాగితం.

సంక్షేమ శాఖల్లోని ఉద్యోగ మిత్రులారా, మీ టేబుల్ మీద ఆ ఫైలు ఎన్ని దినాలుగా ఉందో ఒక్కసారి చూడండి. విద్యార్థి సంఘాల తమ్ముళ్ళూ, ధర్నా దాకా రాలేనివాడి దరఖాస్తు మీరు పట్టుకుపోండి. బకాయిల మీద మేమూ ఎన్నోసార్లు రాశాం. వీళ్ళ సంగతి విడిగా రాయలేదు. ఆ తప్పు మాదే.

ఆ విద్యార్థి సివిల్ కేసు రికార్డు పూర్తయింది. క్రిమినల్ కేసు మిగిలింది. ఆ కోర్టు హాలు రెండో అంతస్తులో ఉంది.