గొర్రెను చూడని ఊలు మనకెందుకు?

ఆదోని, ఎమ్మిగనూరు పొదుపు సంఘాల అక్కచెల్లెళ్ళకు విన్నపం.

ఆదోని యార్డుకు పత్తి బండ్లొచ్చే కాలంలో రోడ్డు పక్క తుమ్మచెట్లకు కూడా దూది పూస్తుంది. అలాంటి చోట కూచుని పసిపిల్లల టోపీలు దేనితో అల్లుతున్నాం? ‘ఊలు’ అని అంగట్లో ఇచ్చే అక్రిలిక్‌తో. అది గొర్రె మీద పుట్టింది కాదు, పెట్రోలియం నుంచి తీసిన దారం.

పోయిన మే నెలలో మా అక్క మనవడికి నేనే అల్లి పెట్టాను. సాయంత్రం టోపీ తీస్తే నుదురంతా చెమటకాయలు, అంచు అచ్చు ఎర్రగా. తప్పు నాదే. రంగు చూశాను, పోగు చూడలేదు.

పోగు చూడటం కష్టమేం కాదు. జానెడు దారం పట్టకారుతో పట్టి దీపానికి చూపించండి, పక్కన నీళ్ళ గిన్నె పెట్టుకుని. పత్తయితే కాగితం కాలిన వాసన, వేళ్ళ మధ్య నలిగే బూడిద. అసలు ఊలయితే వెంట్రుకలు కాలిన కంపు. అక్రిలిక్ కరిగి నల్లటి గట్టి ఉండవుతుంది. పొయ్యి దగ్గర తిరిగే బిడ్డ ఒంటి మీదైనా అంతే, కరిగి అంటుకుంటుంది.

మరి మన కురుబల గొంగడి ఊలో? చలికీ వానకీ దానికి సాటి లేదు గానీ ముతక, పసి చర్మానికి గుచ్చుకుంటుంది. చేతిసంచులకు వాడండి.

టోపీకి పత్తి నూలే. నంబరు పెరిగేకొద్దీ నూలు సన్నం: ఒక పౌనుకు 840 గజాల చిలపలు ఎన్ని తూగితే అంత నంబరు. 20 నంబరు జంటపోగు నాలుగు కలిపితే సన్న క్రోషేకు, ఎనిమిది కలిపితే సూదుల అల్లికకు సరిపోతుంది. ఒంటిపోగు వద్దు, పురి తిరిగి అల్లిక ఒక పక్కకు వాలుతుంది. పత్తి ఊలులా సాగి వెనక్కి రాదు కాబట్టి అంచు తల కొలత కంటే కాస్త తగ్గించండి.

మాచాని సోమప్ప 1938లో చేనేత సహకార సంఘం నిలబెట్టిన ఎమ్మిగనూరులో నూలుకు కరువా? చిక్కల్లా కట్టలుగా కొనాల్సి రావడమే. టోపీ అల్లే మనిషికి 100 గ్రాములు చాలు. అందుకే చేనేత సంఘాలను అడుగుదాం: రంగువేసిన జంటపోగు నూలును 100 గ్రాముల చిలపలుగా, నంబరు రాసి అమ్మండి. సబ్సిడీ నూలు మగ్గానికే పోవాలి, దాని మీద మనం చెయ్యి వేయొద్దు. పూర్తి ధర ఇస్తాం. అంతదాకా నాలుగు సంఘాలు కలిసి ఒక కట్ట కొని పంచుకోవచ్చు.

అక్రిలిక్ కంటే ఖరీదే, నిజం. టోపీకి ‘పత్తి’ అని చీటీ కట్టి ఆ తేడా ధరలోనే అడగండి.

వచ్చే మీటింగుకు ఇంట్లో ఉన్న ఉండ నుంచి జానెడు దారం తెంచుకు రండి. అగ్గిపెట్టె నేను తెస్తాను.