అన్వేషణను చదవండి, అన్వేషకుని కాదు



గద్వాల, వనపర్తి, జటప్రోలు సంస్థానాలు పండితపోషణకు ప్రసిద్ధికెక్కినవి. ‘విద్వద్గద్వాల’ అన్న పేరే అందుకు సాక్ష్యం. పూర్వం గ్రంథం కావలసినవాడు పండితుని ముంగిట నిలిచి శ్లోకపు మొదటి మాట చెప్పేవాడు. ఆ ప్రతీక ఒక్కటే చాలు, పండితుడు గ్రంథాన్నీ ఘట్టాన్నీ చూపేవాడు. నేడు ఆ ముంగిలి మన చేతిలోని సెల్‌ఫోనులోనే ఉన్నది.

చిత్తూరు జిల్లా కాటూరులో జన్మించిన రాజ్ రెడ్డి గారి వంటి మహనీయుల కృషివలన అసంఖ్యాక ప్రాచీన గ్రంథాలు డిజిటల్ రూపం దాల్చాయి. అది మహోపకారం. అయితే మొన్న మా విద్యార్థి ఒకడు, జటప్రోలు ప్రభువైన సురభి మాధవరాయల ‘చంద్రికా పరిణయము’ కోసం ఒక డిజిటల్ గ్రంథాలయంలో వెదికాడు. ‘పరిణయం’ అని తెలుగులో వ్రాస్తే శూన్యం. ఆంగ్లాక్షరాలలో నాలుగు విధాల వ్రాసిన పిమ్మటగాని దొరకలేదు. గ్రంథం ఉన్నది, దానికి దారి లేదు.

ఇట్టి గ్రంథాలయాల యంత్రాలు పాఠకుడు వ్రాసిన పదాన్ని, తెరిచిన ఫలితాన్ని, విఫలుడై మార్చిన పదాన్ని నమోదు చేయగలవు. ఆ నమోదులను పరిశీలిస్తే మా విద్యార్థి ప్రయత్నాలన్నీ ఒకే గ్రంథానికి వేర్వేరు వర్ణక్రమాలని తెలుస్తుంది. తరువాతి వానికి మొదటిసారే దొరుకుతుంది. కాత్యాయనుని సర్వానుక్రమణి ఋగ్వేద సూక్తాలకు ప్రతీక, ఋషి, దేవత, ఛందస్సు అని పలు ద్వారాలు తెరిచింది. వెదికేవాని మనస్సెరిగి సూచిక కూర్చడం మనకు కొత్త కాదు.

కాని రెండు నియమాలు అవశ్యం. మొదటిది, పదుగురు వెదికినదే ప్రధానమని భావించరాదు. పైన చూపినదాన్నే జనులు తెరుస్తారు, తెరిచినదే మరల పైకి వస్తుంది. ఆ చక్రంలో అరుదైన శాఖాగ్రంథాలు అడుగున పడిపోతాయి. కనుక ఫలితం రాని ప్రశ్నలనే ముందుగా చదవాలి.

రెండవది ఇంకా ముఖ్యం. సంతానం కోసం, రోగశాంతి కోసం, మృత్యుభయంతో స్తోత్రాలు వెదికేవారున్నారు. సంకల్ప సమయంలో భక్తుడు నా చెవిలో చెప్పిన కోరికను నేను వీధిలో చాటను. గ్రంథపాలకునికీ అదే ధర్మం. ఏ పదం విఫలమైనదో తెలిస్తే చాలు, ఎవరు వెదికారో అక్కరలేదు. పేరును తొలగించి, పని తీరగానే నమోదును చెరిపివేయాలి.

దారి చక్కబడాలి, బాటసారి అడుగులను మాత్రం వెంబడించరాదు. స్వస్తి.