పేరు లేని ఫైలు, దొరకని దాఖలా



కొంచెం పొడుగు రాత ఇది, ఓపికగా చదవాలని మనవి. వచ్చే కార్యవర్గ సమావేశంలో మేం పెట్టబోయే ఒక తీర్మానం గురించి. విషయం వింటే "దీనికి కూడా తీర్మానమా?" అని నవ్వేవాళ్ళుంటారు. సంఘం కంప్యూటరులో ఫైళ్ళకు, ఫోల్డర్లకు పేర్లు ఎట్లా పెట్టాలన్నది విషయం. కుంఠా నాకాలో కూర్చుని మన ఇళ్ళ పాత కాగితాలు స్కాన్ చేస్తున్నవాళ్ళమంతా కలిసి రాస్తున్నాం.

ముందు దీనివల్ల నష్టం ఎవరికో చెప్తాం. మహారాష్ట్రలో పద్మశాలీలం ప్రత్యేక వెనుకబడిన వర్గం, అంటే ఎస్‌బీసీ కింద వస్తాం. పిల్లకు ఇంజనీరింగులోనో ఫార్మసీలోనో రిజర్వు సీటు కావాలంటే కులం సర్టిఫికెట్ ఒక్కటే చాలదు, వ్యాలిడిటీ కావాలి. దానికి అడిగేది తండ్రి వైపు పాత కాగితం. మన వర్గానికి చూసే తేదీ 1967 అక్టోబరు 13. అంతకుముందటి కాగితంలో కులం, ఊరు కనబడితే పని సులువు, లేకపోతే తిరుగుడే తిరుగుడు.

మన తాతలు కరీంనగర్, నల్గొండ, పాలమూరు వైపుల నుంచి మిల్లు పనికి, మగ్గం పనికి వచ్చినవాళ్ళు. 1877లో ఇక్కడ మొదటి మిల్లు మొదలైంది. అప్పటి నుంచి తరతరాలుగా వస్తూనే ఉన్నారు. వాళ్ళలో బడికి పోయినవాళ్ళు ఎందరు? ఇంటికి ఒక్కరుంటే గొప్ప. ఆ ఒక్క తాత మూడో తరగతి దాకా చదివి వదిలేసిన బడి దాఖలా మీద ఇవాళ ఆ ఇంటి మనవలు, మునిమనవలు అందరూ ఆధారపడి ఉన్నారు. అన్నదమ్ముల పిల్లలందరికీ అదే ఆధారం. బంగారం పోతే మళ్ళీ కొనుక్కోవచ్చు, ఆ కాగితం పోతే మళ్ళీ రాదు.

కాగితాలు పాడవుతాయనే స్కాన్ చేస్తున్నాం. మంచి పనే. కానీ ఇన్నేళ్ళలో చాలామంది చేతులు మారిన ఆ కంప్యూటరు తెరిచి చూడండి. స్కాన్0001. స్కాన్0001 కాపీ. కొత్త ఫోల్డర్ 7. తాత దాఖలా ఫైనల్ 2. అన్న పంపింది. ఇక వాట్సాప్‌లో వచ్చినవైతే ఐఎంజీ, ఒక తేదీ, డబ్ల్యూఏ, ఒక నంబరు. ఆ తేదీ దాఖలాది కాదు, ఫొటో ఫోన్లు మారిన రోజుది. 1958 నాటి కాగితం 2021 జూన్ ఫొటోల మధ్య, పెళ్ళి భోజనాల ఫొటోల పక్కన పడుకుని ఉంటుంది. అడ్మిషన్ల సీజనులో ఒక తండ్రి వచ్చి "మా బాపు కాగితం మీ దగ్గర ఇచ్చినం" అంటే, ఉన్నదన్న సంగతి తెలుసు, ఎక్కడుందో తెలియదు. ఉండీ దొరకని కాగితం లేని కాగితంతో సమానం.

"సెర్చ్ కొడితే వస్తుంది గదా" అంటారు పిల్లలు. టైపు కొట్టిన అక్షరమైతే వస్తుందేమో. మన దగ్గరున్నవి చేతిరాత రిజిస్టర్లు. కొన్ని మోడీ లిపిలో, నిజాం కాలపు ఊళ్ళ కాగితాలు ఉర్దూలో, కొన్ని తెలుగులో, మిగతావి మరాఠీలో. ఆ ఫొటోలో ఏముందో కంప్యూటరుకు తెలియాలంటే నమ్మదగిన దారి మనం పెట్టే పేరే.

ఇక పేరు పెట్టబోతే కంప్యూటరు ఒప్పుకోని సంగతులు. చాలామంది "మిషన్ చెడిపోయింది" అనుకునేది ఇక్కడే. మనకు సంవత్సరం 2019/20 అని రాయడం అలవాటు. విండోస్ దాన్ని తీసుకోదు. ముందుకు వాలిన గీత, వెనక్కి వాలిన గీత, రెండు చుక్కల గుర్తు, నక్షత్రం, ప్రశ్న గుర్తు, జంట కొటేషను, చిన్నది పెద్దది అని చూపే రెండు కోణాలు, నిలువు గీత, ఈ తొమ్మిదీ విండోస్‌లో పేరులో ఉండకూడదు. ఎందుకంటే ఒక్కోదానికి వేరే ఉద్యోగం ఉంది. వెనక్కి వాలిన గీత ఒక ఫోల్డరు లోపలికి పోయే దారిని చూపుతుంది. నక్షత్రం, ప్రశ్న గుర్తు వెతకడానికి. యూనిక్స్, లైనక్స్ ఇంత గొడవ పెట్టుకోవు, ముందుకు వాలిన గీత ఒక్కటి తప్ప దాదాపు ఏదైనా ఒప్పుకుంటాయి. ఆపిల్ మ్యాక్ ఇంకో రకం, 2019/20 అని రాస్తే తీసుకుంటుంది గానీ రెండు చుక్కలు వద్దంటుంది. ఒకరి ఇంట్లో మ్యాక్‌లో పెట్టిన పేరు పెన్‌డ్రైవ్‌లో సంఘానికి వచ్చేసరికి చెడిపోయేది ఇందుకే.

మన గ్రూపుల్లో ఏళ్ళ నుంచి తిరుగుతున్న ఒక ఫార్వర్డు గుర్తుందా? సీ, ఓ, ఎన్ అనే మూడు అక్షరాలతో ఫోల్డరు చేయడం ఎవరి తరమూ కాదు, ఇది ఒక భారతీయుడు కనిపెట్టాడు, బిల్ గేట్స్‌కు కూడా జవాబు తెలియదు అని. జవాబు తెలియకపోవడమేమీ లేదు. 1981లో మొదటి డాస్ వచ్చినప్పుడు అసలు ఫోల్డర్లే లేవు. కీబోర్డు, తెర కలిపి "కాన్" అని, ప్రింటరును "పీఆర్ఎన్" అని పిలిచేవారు. ఆ అలవాటు అంతకుముందున్న సీపీఎం అనే వ్యవస్థ నుంచి వచ్చింది. 1983లో డాస్ 2.0తో ఫోల్డర్లు వచ్చాయి. పాత ప్రోగ్రాములు ఆగిపోకూడదని ఆ పేర్లను ఏ ఫోల్డరులోనైనా వాటికే వదిలేశారు. ఆక్స్, నల్, కామ్1, ఎల్‌పీటీ1 లాంటివీ అంతే. వెనక్కి వాలిన గీత కథ కూడా అప్పటిదే. ముందుకు వాలిన గీతను అప్పటికే వేరే పనికి వాడుతున్నారు, అందుకని ఫోల్డర్లకు రెండోది పట్టుకున్నారు. నలభై ఏళ్ళ కిందటి సర్దుబాటు ఇవాళ మన విరాళాల ఫోల్డరుకు అడ్డం వస్తుంది. దీన్ని వింతగా చూడక్కర్లేదు. పాత ఇంటికి మెట్లు కట్టినవాడు పోయినా, ఎత్తు మెట్టు దగ్గర మనం కాలు ఎత్తి వేస్తూనే ఉంటాం.

సంఖ్యల సంగతి మగ్గం తెలిసినవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. చాదరు మీద పువ్వు పడాలంటే జకార్డు అట్టలు వరసగా కుట్టి ఉండాలి. పదో అట్ట రెండో అట్ట ముందుకొస్తే పువ్వు ఉండదు. కొన్ని వ్యవస్థలు ఫైళ్ళను సరిగ్గా అట్లాగే కలుపుతాయి, 1 తరవాత 10, ఆ తరవాత 2. విండోస్ ఎక్స్‌పీ కాలం నుంచి సంఖ్యను సంఖ్యగా చూడడం నేర్చుకుంది, అన్నీ నేర్చుకోలేదు. ముందు సున్నాలు పెట్టి 0002, 0010 అని రాస్తే ఏ వ్యవస్థలోనైనా వరస తప్పదు. తేదీ కూడా అంతే. రోజు ముందు రాస్తే జనవరి 5, ఫిబ్రవరి 5 పక్కపక్కకు వస్తాయి. సంవత్సరం, నెల, రోజు ఈ వరసలో రాస్తే కాలం వరసే ఫైళ్ళ వరస అవుతుంది.

ఇప్పుడు అసలు గొడవ. పేరు ఏ లిపిలో?

పెద్దలు తెలుగులో పెట్టమంటున్నారు. మా మనసూ అటే ఉంది. ఒకప్పుడు అది కుదరనే కుదరలేదు. పుణేలో తయారైన శ్రీలిపి లాంటి ఫాంట్లతో లోపల తెలుగు రాసేవాళ్ళం, బయట ఫైలు పేరు మాత్రం ఇంగ్లీషులోనే. యూనికోడ్ వచ్చాక ఆ అడ్డం పోయింది. ఇవాళ విండోస్, మ్యాక్, ఫోను అన్నీ తెలుగు పేరు తీసుకుంటాయి. తీసుకున్నాక ఏమవుతుందో వినండి.

"వైద్య సహాయం" అని ఫోల్డరు పెట్టాం అనుకోండి. అందులో ఐత్వాన్ని యూనికోడ్ రెండు రకాలుగా రాయనిస్తుంది, ఒకే గుర్తుగా, లేదా ఎత్వం కింద ఇంకో చిన్న గుర్తు తగిలించి. కంటికి రెండూ ఒకటే. పాత మ్యాక్ డిస్కులు పేరును విడగొట్టి దాచుకునేవి, విండోస్, లైనక్స్ మనం కొట్టినట్టే దాచుకుంటాయి. అట్లా "వైద్య సహాయం" అనే రెండు ఫోల్డర్లు ఒకదాని కింద ఒకటి కూర్చుంటాయి, సగం కాగితాలు ఇందులో, సగం అందులో. బైరి ఇంటిపేరువాళ్ళకూ ఇదే తిప్పలు. ఇంకొకటి, పొల్లు అక్షరం తరవాత ఇంకో హల్లు వచ్చి ఒత్తుగా మారకుండా "సోలాపూర్‌లో" అని రాయడానికి మధ్యలో కంటికి కనబడని గుర్తు ఒకటి పెడతాం. ఒక ఫోను కీబోర్డు దాన్ని తనే పెడుతుంది, ఇంకోటి పెట్టదు. చాలా చోట్ల వెతుకుడు ఈ రెంటినీ వేరు పేర్లుగానే చూస్తుంది.

పొడుగు లెక్క కూడా ఉంది. లైనక్స్‌లో, దాని మీద నడిచే ఆండ్రాయిడ్ ఫోన్లలో ఒక పేరుకు సాధారణంగా 255 బైట్ల హద్దు. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు, తెలుగులో ప్రతి హల్లుకు, గుణింతపు గుర్తుకు, పొల్లుకు మూడేసి బైట్లు. "పద్మశాలి" ఒక్క మాటకే 24 పోతాయి. మొత్తం 85 గుర్తులు దాటితే ఫైలు కాపీ కాదు.

ఇవన్నీ ఓపికతో సర్దుకోవచ్చు. మమ్మల్ని ఆపింది వేరే. మన పిల్లల్లో చాలామంది ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో మరాఠీనో ఇంగ్లీషో చదివారు. తెలుగు అక్షరం చదవలేరు. వాళ్ళే రేపు ఈ కంప్యూటరు ముందు కూర్చునేది, వాళ్ళకే ఆ కాగితంతో పని పడేది. వాళ్ళు చదవలేని పేరు పెట్టి తెలుగును కాపాడామనుకోవడం మాకు నచ్చలేదు. అందుకని ఫైలు పేరు ఇంగ్లీషు అక్షరాల్లో, అన్నీ చిన్న బడి అక్షరాల్లో ఉండాలంటున్నాం (పెద్దవి చిన్నవి విండోస్‌కు ఒకటే, లైనక్స్‌కు వేరు). తెలుగు పేరు, మరాఠీ పేరు పక్కన పెట్టే పట్టికలో పూర్తిగా ఉంటాయి. తెలుగు నేర్పే పని వేరేగా, గట్టిగా చేద్దాం. దానికి మేం ముందుంటాం.

ఇంగ్లీషులో అయితే సుఖమా అంటే అదీ లేదు. ఎన్నం అని ఒకరు, యన్నం అని వాళ్ళ తమ్ముడే. చిలుక, చిలక, చిల్క. మరాఠీలో ఎ, ఏ లకు ఒకటే గుర్తు, ఒ, ఓ లకూ అంతే; దాఖలా చూసి ఇంటిపేరు ఎట్లా పలుకుతారో చెప్పలేం. అందుకే పేరు మీద ఆధారపడొద్దు. ప్రతి ఇంటికి సభ్యత్వ రిజిస్టరులో నాలుగంకెల నంబరు ఇద్దాం, అదే మొదట. తరవాత కాగితం పుట్టిన సంవత్సరం, స్కాన్ చేసింది కాదు. ఆ తరవాత కాగితం రకం, ముందే ఒప్పుకున్న పది పన్నెండు మాటల్లో ఒకటి. చివర ఇంటిపేరు, పుట సంఖ్య. 0412_1958_దాఖలా_బైరి_01 అని (ఇంగ్లీషు అక్షరాల్లో అనుకోండి). ఖాళీలు వద్దు, మధ్య అడుగు గీత చాలు. పేరు చివర చుక్క అసలు వద్దు, విండోస్ దాన్ని చెప్పకుండా మింగేస్తుంది. ఆధార్ నంబరు, ఫోన్ నంబరు పేరులో పెట్టొద్దు. మామూలు జిప్ ఫైలుకు తాళం వేసినా లోపలి ఫైళ్ళ పేర్లు బయటికి కనబడుతూనే ఉంటాయి.

నొచ్చుకునే మాట ఒకటి చెప్పక తప్పదు. ఆడపిల్లల కాగితాలు పుట్టింటి నంబరు కిందనే ఉండాలి. పెళ్ళయితే మనవాళ్ళు వెంటనే అత్తింటి ఫోల్డరులోకి మార్చమంటారు, "ఇప్పుడు మా ఇంటి పిల్ల గదా" అని. ప్రేమతోనే అంటారు. కానీ ఆమె నర్సు ఉద్యోగానికో టీచరు ఉద్యోగానికో వ్యాలిడిటీ అడిగితే కావలసింది ఆమె తండ్రి, తాత కాగితాలు. బడి దాఖలాలో ఒక పేరు, రేషను కార్డులో ఇంకో పేరు, ఫోల్డరు మూడో చోట. ఇద్దరు చెల్లెళ్ళు ఇట్లా వారాల తరబడి తిరిగారు. నంబరు పుట్టింటిదే ఉండి, అత్తింటి ఫోల్డరులో "0412 చూడండి" అని చిన్న చీటీ ఫైలు ఉంటే ఎవరి గౌరవానికీ లోటు లేదు. ఈ ఒక్కదాని మీద మాత్రం మేం వెనక్కి తగ్గం.

పాత పేర్లు ఏవీ చెరపం. ప్రతి ఫైలు పాత పేరు, కొత్త పేరు పట్టికలో పక్కపక్కన రాస్తాం, "అన్న పంపింది" సహా.

సమావేశం దాకా ఆగక్కర్లేని పనులు కొన్ని. కాగితం తెచ్చేటప్పుడు వెనుక మూలలో పెన్సిలుతో, మెల్లగా, ఇంటిపేరు, అందులో ఉన్నది ఎవరి తాతో రాసుకురండి. పెన్ను వద్దు. లామినేషన్ చేయించకండి. ఫొటోగా గ్రూపులో వేయకండి. వాట్సాప్ పేరు మార్చేస్తుంది, అక్షరాలూ మసకబారుతాయి. పంపక తప్పకపోతే డాక్యుమెంటుగా పంపండి, అప్పుడు మీరు పెట్టిన పేరు అట్లాగే వస్తుంది. ఇంట్లో పెద్దవాళ్ళు ఉంటే ముందు వాళ్ళకు చూపించి, ఆ కాగితం ఎవరిదో అడిగి రాసుకోండి. ఆ సంగతి వాళ్ళు తప్ప ఇంకెవరూ చెప్పలేరు.