గుర్తు పిల్లలే వేసుకోనివ్వండి

భిలాయి సెక్టర్ 7 లాంటి ఉక్కు టౌన్‌షిప్‌లో షిఫ్ట్ లాగ్‌బుక్ గురించి వేరే చెప్పాలా? రీడింగ్ రాసేది డ్యూటీలో ఉన్నవారే. మరి తరగతిలో పిల్లల ధ్యాస లెక్క టీచరు చేతిలోనే ఎందుకు?

1971లో బ్రోడెన్, హాల్, మిట్స్ అమెరికాలో ప్రచురించిన ప్రయోగంలో, ఎనిమిదో తరగతి అమ్మాయి చరిత్ర పీరియడ్‌లో పాఠం మీద ఉంటే ప్లస్, లేకుంటే మైనస్ తానే వేసుకుంది. చదువు మీద గడిపిన సమయం 30 నుంచి 78 శాతానికి పెరిగింది. విచిత్రం, రోజువారీగా ఆమె లెక్క పరిశీలకుల లెక్కతో కలవలేదు! గుర్తు వేయడానికి ఆగినప్పుడు ‘ఇప్పుడేం చేస్తున్నాను?’ అని తట్టడమే అసలు మందు అనుకుంటాను.

అదే ప్రయోగంలో పాఠం మధ్య మాట్లాడే ఒక అబ్బాయిలో ఫలితం నిలవలేదు. అమ్మాయి మారాలని తానే అనుకుంది. అబ్బాయి విషయంలో అడిగింది టీచరు.

అందుకే ఆ కాగితాన్ని మార్కులకూ, పేరెంట్స్ మీటింగుకూ తేవొద్దు. తెస్తే అన్నీ ప్లస్‌లే కనిపిస్తాయి.